పస్తు బియ్యం

జనగామ
13 జూన్ 1969

అక్కకు సామేలు దండాలు.

నిలవడి రాస్తున్న ఈ ఉత్తరం. కూసుందామంటె జాగ లేదక్కా! స్టేషను బయట మేం ఏసిన దీక్ష టెంటుల ఇయ్యాల నలభై ఇద్దరు కూసున్నరు. మొదటి దినం ఎంతమందిమో ఎరికేనా? ఐదుగురం. ఒక జట్టు పొద్దటి నుంచి పొద్దుమీకెదాక ఉత్త మంచినీళ్ల మీద కూసుంటది, తెల్లారి ఇంకో జట్టు. తెలంగాణ వచ్చెదాక ఈ టెంటు లేవది.

నిన్న మార్కెట్ హమాలీలు వచ్చి కూసున్నరు. వాళ్ల పెద్దమనిషి పేరు పోశాలు. బస్తాలు మోసి మోసి మెడ ఒక దిక్కుకు వంగింది. "మాకు ఉపాసం కొత్తనా బిడ్డా? దినాం ఉండేదే. గిప్పుడు మెడల దండేసి ఉండుమంటున్నరు, గంతే" అన్నడు. టెంటంత నవ్వుడే నవ్వుడు!

కాలేజీలు మూతవడి ఐదు నెలలాయె. బాపు డోర్నకల్ నుంచి ఉత్తరం మీద ఉత్తరం. "రైలు పట్టాల మీద పని చేసి నిన్ను చదివిపిస్తున్న, నువ్వు పోయి పట్టాల మీద కూసుంటవా" అంటడు. బాపుకు ఎట్ల చెప్పాలె? నా జన్మల ఇంత సంబురం నేను ఎన్నడు చూడలే. నిన్న భూపాలన్న నాకు మైకు ఇచ్చిండు. మా కమిటీకి ఆయనే పెద్ద. ఎల్‌ఎల్‌బీ చదువుతున్నడు, మాట్లాడితే నిప్పులు రాలుతయి. నేను మాట్లాడి దిగంగనే నా భుజం తట్టిండు.

పదో తారీఖు నుంచి సర్కారు నౌకర్లందరు సమ్మెల దిగిన్రు. బడిపంతుళ్లు, తాసీలు గుమాస్తాలు, దవాఖానోళ్లు అందరు. మరి నువ్వెప్పుడు దిగుతున్నవు? సర్కారు నర్సువు, నువ్వు వచ్చి ఆడోళ్ల జట్టుల ముందట కూసుంటె నేను మైకుల చెప్తా, "గీమె మా అక్క" అని. ఎంటనే రా. రైలు బండ్లు ఎప్పుడు నడుస్తయో ఎప్పుడు ఆగుతయో మా చేతులనే ఉన్నది గని, నువ్వొచ్చే బండిని మాత్రం ఆపనియ్య!

జై తెలంగాణ.
నీ తమ్ముడు
సామేలు


గుండ్లవాగు తండా, మానుకోట తాలూకా
18 జూన్ 1969

తమ్ముడు సామేలుకు సువార్త దీవెనలు.

నీ ఉత్తరం అందింది. మైకుల మాట్లాడినవంటె సంతోషమైంది. గొంతు జాగ్రత్త, నీకు చిన్నప్పటి నుంచి జల్దీ బొంగురు పోతది.

నేను రాలేను. ఎందుకో చెప్తా విను. ఈ తండాల యాభై ఎనిమిది ఇండ్లు. ముప్పై తొమ్మిది ఇండ్లల్ల మనుషులు జ్వరంతోటి పడ్డరు. రేడియోల చెప్తున్న ఫ్లూ జ్వరమే ఇది. దేశదేశాలు తిరిగి తిరిగి మా వాగు దాటి గూడ వచ్చింది. ఒళ్లు కాలిపోతది, కీళ్లు విరిచినట్టయితది, దగ్గు వడితె ఇడువది. ఇంట్ల ఒకరికి వస్తె రెండో దినానికి అందరు మంచాలల్లనే.

దీనికి నా సంచిల మందు లేదు తమ్మీ. ఆరేడు దినాలు కదలకుండ పండుకొని, ఇంత గంజో జొన్న గటకో తాగితె దానంతట అదే పోతది. ఎవరికన్న చెప్తె సులువుగనే ఉన్నట్టు కొడుతది. పండుకోవాలంటె ఇంట్ల గింజలుండాలె గదా. ఇది విత్తనాల కాలం. వీళ్లు పటేండ్ల చేన్లకు పోతెనే ఆ పూటకు తిండి.

రామి అని ఒక పిల్ల ఉండె. ఇరవై రెండేండ్లు, ఇద్దరు పిల్లలు. మొగడు లేవలేడు. నేను చేతులు పట్టుకొని చెప్పిన, "ఇంకో నాలుగు దినాలు పండుకో రామీ" అని. తలకాయ ఊపింది. నేను అటు పోంగనే, మూడో దినం జ్వరంతోటే విత్తనాలకు పోయింది. వానల తడిసి వచ్చింది. రొమ్ము పట్టేసింది. శుక్రారం పొద్దుగాల నా ఒళ్లెనే పాణం పోయింది. కొంగుకు రూపాయి బిళ్ల కట్టుకొని ఉన్నది, ఆ దినం కూలి. జ్వరం ఆమెను చంపలే తమ్మీ. రూపాయి చంపింది.

మీ టెంటుకు గంత మంది వస్తున్నరంటివి. నూకలో జొన్నలో రెండు బస్తాలు, ఇంత బెల్లం అడిగి పంపియ్యి. మానుకోట స్టేషనుకు వస్తె తండా పెద్ద రాంజీ నాయక్ బండి కట్టుకొని వచ్చి తీసుకపోతడు. ఎంత జల్దీ పంపితె అంత మేలు.

నీ అక్క
సువార్త


జనగామ
22 జూన్ 1969

అక్కకు,

నీ ఉత్తరం భూపాలన్న ముంగట విప్పి చదివిన. అదే నేను చేసిన తప్పు.

మానుకోట నుంచి వచ్చినోళ్లు ముందుగాలనే చెప్పిన్రట. తాలూకాల నౌకర్లంత సమ్మెల ఉంటె, గుండ్లవాగు నర్సమ్మ మాత్రం సంచి ఏసుకొని రోజు ఇల్లిల్లు తిరుగుతున్నదని. నేను నమ్మలే. నీ చేతిరాతనే సాక్ష్యమాయె.

టెంటు పక్కన ఒక నల్ల బోర్డు పెట్టినం. సమ్మె కాలంల పనికి పోయేటోళ్ల పేర్లు దాని మీద రాస్తున్నం, పైన "ద్రోహులు" అని పెద్దగ రాసి ఉంటది. నిన్న పొద్దుగాల దాని మీద నీ పేరు రాసిన్రు. సువార్త, నర్సు, గుండ్లవాగు. పక్క హోటలుకు చాయ తాగనీకి వచ్చినోళ్లు గూడ చదువుకుంట పోయిన్రు. అందరు బోర్డును ఒకసారి, నన్ను ఒకసారి చూసుడే. నా మొఖం ఏడ పెట్టుకోవాలె చెప్పు.

రామి సంగతి చదివి నాకు గూడ బాధనిపించింది. కని అక్కా, జ్వరాలు ఏటేటా వస్తయి. రాష్ట్రం ఒక్కసారే వస్తది. మన రాష్ట్రం మనకు వస్తె తండ తండకు దవాఖాన పెట్టుకుంటం. అప్పటిదాక ఒక్క నెల ఓపిక పట్టలేవా? పట్నంల నా ఈడు పిల్లలు తుపాకి గుండ్లకు పోతున్నరు.

జొన్నల సంగతి అడుగుదామంటె నాకు నోరు రాలే. ఏ మొఖం పెట్టుకొని అడుగుదు?

సామేలు


గుండ్లవాగు తండా
26 జూన్ 1969

సామేలుకు,

చదివిన. కోపం లేదు, తీరిక లేదు.

ఇండ్లు నలభై ఆరయినయి. నా దగ్గరున్న బియ్యం మొన్నటితోటి ఒడిసినయి. రాంజీ నాయక్ తన ఇంటి జొన్నలు ఒక కుండెడు ఇచ్చిండు, ఆయన కోడలు గూడ మంచంలనే ఉన్నది. అవి పలుచగ కాచి పసిపిల్లలకు, బాలింతలకు పోస్తున్న. పెద్దోళ్లకు వేడినీళ్లు, ఉప్పు.

గోరీ అని ఒకామె ఉన్నది. మొగడు, ఇద్దరు కొడుకులు పడ్డరు. ఆమె ఒక్కతే నిలవడ్డది. గిన్నెల గంజి తీసుకపోతె వాకిట్లనే ఆపింది. "మేం అడుక్కునేటోళ్లం కాదు నర్సమ్మా, తీసుకపో" అన్నది. ఇంట్ల ఏం లేదని నాకు తెలుసు, నాకు తెలుసునని ఆమెకు తెలుసు. గిన్నె గడపల పెట్టి వచ్చిన. తెల్లారి చూస్తె, ముట్టకుండ అట్లనే తెచ్చి నా గుడిసె ముంగట పెట్టి ఉన్నది. నిన్న మేకను అమ్మింది. అది సూడిది.

నువ్వు తిండి మంచిగ తిను. దీక్షల కూసున్న మరునాడు ఒక్కసారే కడుపునిండ తినకు.

సువార్త


జనగామ
30 జూన్ 1969

అక్కా,

ఎట్ల మొదలుపెట్టాల్నో తెలుస్తలేదు. నాలుగు కాయితాలు చింపిన.

నిన్న మానుకోట దవాఖాన నుంచి ఒక గుమాస్తా మా టెంటుకు వచ్చిండు. తాలూకాల మొదటి దినమే సంతకం పెట్టి "మాకు జీతం వద్దు" అని సమ్మెల దిగినోళ్ల పేర్లు మైకుల చదివిండు. మూడో పేరు సువార్త, నర్సు, గుండ్లవాగు.

 ఆయన దగ్గరికి ఉరికిన. "ఆమెనా? పదో తారీఖు పొద్దుగాలనే వచ్చింది. రిజిస్టరు, సర్కారు మందుల పెట్టె, తాళంచెవి బల్ల మీద పెట్టి సంతకం చేసింది. మళ్ల నడుచుకుంట తండాకే పోయింది. సర్కారు గోలి ఒక్కటి ముట్టదు, సర్కారు పైస తీసుకోదు. పని మాత్రం ఇడువది. మేమందరం దండం పెట్టుకుంటున్నం ఆమెకు" అన్నడు.

ఎందుకు చెప్పలే అక్కా? ఒక్క ముక్క రాస్తె అయిపోతుండె గదా!

నేను గూడ నీకు ఒకటి చెప్పలే. బోర్డు మీద నీ పేరు "రాసిన్రు" అని రాసిన. రాసిన్రు కాదు. రాసింది నేనే. భూపాలన్న సుద్దముక్క నా చేతుల పెట్టి, "నీ అక్క గదా, నువ్వే రాయి, అప్పుడు తెలుస్తది నువ్వు ఎవరివో" అన్నడు. రాసిన. బడిల రాసినట్టు గుండ్రంగ రాసిన. 

పోయి నా అంగితోనే బోర్డు తుడిచిన. నీ పేరు ఒక్కటే కాదు, మొత్తం తుడిచిన. ఇంకెవరి సంగతి ఏందో మాకేం తెలుసు? భూపాలన్న "ఏందిరా ఇది" అని లేచిండు. నేను మైకు గుంజుకొని నీ రెండు ఉత్తరాలు చదివిన, రామి సంగతి, గోరీ సంగతి. "జ్వరం ఆమెను చంపలే, రూపాయి చంపింది" అన్న మాట రెండుసార్లు చదివిన. 

అప్పుడు పోశాలు లేచిండు. ఆయన దీక్షల లేడు ఆ దినం, ఊకె చూడనీకి వచ్చిండు. "నాకొకటి చెప్పుండ్రి బిడ్డా. ఈడ దినాం నలభై మంది తినకుండ కూసుంటున్నరు. ఆ తినని బువ్వ ఏడికి పోతున్నది?" అన్నడు.

 ఆయనే చెప్పిండు. "కూసునేటోడు తన పూట బియ్యం ఒక సోల తెచ్చి ఈడ పొయ్యాలె. అవి తండాకు పోవాలె. అప్పుడు మన ఉపాసం ఒకని కడుపుల పడుతది."

అక్కా, ఆ మాట అనంగనే ఏమైందో నువ్వు చూడాల్సి ఉండె! పంతులమ్మలు లేచిన్రు, చాయహోటలాయన లేచిండు, ఎవరో నలభై మంది ఎందుకు, ఊరంత ఉండొద్దా అన్నరు. పొద్దుమీకెవరకు దండోర గూడ ఏసినం. వచ్చే ఆదివారం మాపున జనగామల ఒక్క పొయ్యి ముట్టియ్యొద్దు. ఇంటింటికి ఆ పూట గింజలు గడప ముంగట పెట్టాలె. హమాలీలు తోపుడుబండ్లతోటి వచ్చి తీసుకపోతరు. పైసలియ్యగలిగినోళ్లకు టెంటు కాడ ఒక డబ్బ పెట్టినం.

నన్ను తిట్టు. ఎంత తిట్టాల్నో అంత తిట్టు. కని జవాబు రాయి.

నీ తమ్ముడు
సామేలు


గుండ్లవాగు తండా
4 జూలై 1969

తమ్మీ సామేలూ,

దగ్గరుంటె చెంప పగిలేది. దూరమున్నవు కాబట్టి బతికిపోయినవు. ఇగ ఆ సంగతి అయిపోయింది, మళ్ల రాయకు.

ఎందుకు చెప్పలేదని అడిగినవు. చెప్దామనే కాయితం ముంగట పెట్టుకున్న. అప్పుడు మనసుల ఒకటి వచ్చింది. నేను సమ్మెల ఉన్ననని తెలిస్తె నువ్వు ఎంటనే బస్తాలు పంపుతవు. సమ్మెల లేకపోతె? నేను సమ్మెల లేకపోయినా రామి రామినే గదా. ఆమె పిల్లలు ఆమె పిల్లలే గదా. నా తమ్ముడు వాళ్ల కోసం పంపుతడా, నా కోసం పంపుతడా, చూద్దామనుకున్న. నీ ఉత్తరం చూసి రెండు దినాలు తిండి సయించలే. బోర్డు మీది పేరుకు కాదు, "ఒక్క నెల ఓపిక పట్టలేవా" అన్న మాటకు.

కని నువ్వు తుడిచినవు. అందరి పేర్లు తుడిచినవు. అది చదివి గుడిసెల ఒక్కదాన్నే నవ్విన, ఎన్ని దినాలకో! రాంజీ నాయక్ వచ్చి "ఏమైంది నర్సమ్మా, నీకు గూడ జ్వరమా?" అన్నడు. నీ ఉత్తరం చదివి చెప్పిన. ముసలాయన నమ్మలే. "జనగామ ఎక్కడ, మేమెక్కడ? మా మొఖం చూడనోళ్లు పస్తుంటరా?" అని మూడుసార్లు అడిగిండు.

జల్దీ చెయ్యి. బియ్యం కన్న నూకలు, జొన్నలు మేలు. బెల్లం మరువకు. నూరుగురికి వండే గంజులు రెండు దొరికితె పంపు, ఈడ చిన్న చిన్న కుండలతోటి పొద్దంత పొయ్యి కాడనే గడుస్తున్నది. ఇంకొకటి. మీరు బండ్లు ఆపుతున్నరు గదా, మరి బస్తాలు ఎట్ల వస్తయి? నీ మైకుల దీనికి జవాబు ఉన్నదా?

నీ అక్క
సువార్త


జనగామ
9 జూలై 1969

అక్కా! అక్కా! ఎక్కిచ్చినం!

ఈ ఉత్తరం నీకు చేరేవరకు బస్తాలు నీ ముంగటనే ఉంటయి. అయినా అన్ని చెప్తా, చెప్పకపోతె నాకు నిద్ర రాదు.

ఆదివారం మాపున నేను, పోశాలు మిద్దె ఎక్కి చూసినం. ఊరు మీద పొగ లేదు అక్కా. వంట యాళకు జనగామ మీద పొగ లేకపోవుడు నేను ఎన్నడన్న చూసిన్నా! గడప గడపకు గిన్నె, చేట, గంప. చెప్పులు కుట్టే పెద్దమనిషి ఒక దోసెడు మక్కలు పెట్టిండు. ఒకామె సోలెడు గింజల మీద పసుపుకొమ్ము పెట్టింది. వ్యాపారులు ఆఖరుకు సిగ్గుపడి నాలుగు బస్తాలు వాళ్లే దించిన్రు. మొత్తం పదకొండు బస్తాలు, ఒక బుట్టెడు బెల్లం, పెండ్లి వంటల గంజులు రెండు. డబ్బల ఆరు వందల పన్నెండు రూపాయలు.

ఇగ బండి సంగతి. నువ్వు అడిగినట్టే అయింది. ఏడో తారీఖు రైలు రోకో అని కమిటీ ముందుగాలనే ఖాయం చేసింది. పొద్దుటి ప్యాసింజరును వదులుమని నేను భూపాలన్న కాళ్లావేళ్లా పడ్డ. "పట్నంల పిల్లలు చస్తున్నరు. ఇయ్యాల ఒక కారణానికి ఒక బండి వదిలితె రేపు ప్రతోడు ఒక కారణం తెస్తడు. బస్తాలు ఎల్లుండి పోతయి" అన్నడు. ఆయన చెప్పేది గూడ తప్పనలేను. కని ఆకాశం నల్లగ ఉన్నది, బస్తాలు ప్లాట్‌ఫారం మీదున్నయి, నీ దగ్గర ఇండ్లు నలభై ఆరు.

బండి వచ్చింది. ఇంజను ముంగట మూడు నాలుగు వందల మందిమి పట్టాల మీద కూసున్నం. అవును, నేను గూడ కూసున్న. ఇటు చూస్తె పోలీసులు లాఠీలతోటి, అటు చూస్తె బస్తాలు. నాకు పిచ్చి లేసినట్టున్నది.

అప్పుడు పోశాలు హమాలీలకు సైగ చేసిండు. వాళ్లు ఒక్కొక్క బస్తా ఎత్తి ఎనుక గార్డు డబ్బాల ఏసుడు షురూ చేసిన్రు. భూపాలన్న ఉరికిండు. "పోశాలూ, దించు!" పోశాలు బస్తా భుజం మీదనే పెట్టుకొని నిలవడ్డడు. "నలభై ఏండ్లు షావుకార్ల బస్తాలు మోసిన పటేలా. మా ఊరి బస్తా మోసుడు ఇదే మొదలు. నన్ను దించుమనకు" అన్నడు.

పదకొండు ఎక్కినయి. వాన మొదలైంది. ఇంజను కూత పెట్టింది. మేం లేస్తలేం. ఎవరన్న ముందుగాల లేస్తె కదా!

పోశాలు పెండ్లాం రాములమ్మ నా ఎనుకనే కూసొని ఉన్నది. దిగ్గున లేచింది. "ఏమయ్యా, నిన్న మాపున నా పిల్లలను పస్తు పండుకోవెట్టి ఇచ్చిన గింజలు అవి. ఈడ వానల మొలకలొచ్చెదాక కూసుందామా? లేవుండ్రి!" అని అరిచింది. చీర కొంగు నడుముకు దోపి పట్టా దాటి అవుతల నిలవడ్డది. ఆమె ఎనుక ఇంకొకామె. మళ్ల పంతులమ్మలు. మళ్ల నేను. మళ్ల అందరం, అక్కా, అందరం! ఆఖరుకు పట్టాల మీద భూపాలన్న ఒక్కడే నిలవడ్డడు వానల. ఇంజను డ్రైవరు తొంగి చూసుకుంట ఉన్నడు.

 భూపాలన్న మమ్ములందరిని ఒకసారి చూసిండు. పక్కకు జరిగిండు. బండి కదిలింది. గార్డు డబ్బా ఆయన ముంగటికి రాంగనే ఉరికి ఎగిరి ఎక్కిండు! తలుపుల నిలవడి "బస్తాలు సక్కగ చేరకపోతె ఉద్యమం పరువు పోతది, నేనే అప్పజెప్పి వస్త!" అని అరిచిండు. ప్లాట్‌ఫారమంత జై తెలంగాణ! పోలీసులు గూడ నవ్వుతున్నరు.

ఆయనకు పొయ్యి ముట్టిచ్చుడు రాదు. జర చూసుకో.

నీ తమ్ముడు
సామేలు


గుండ్లవాగు తండా
17 జూలై 1969

తమ్మీ సామేలూ,

బస్తాలు చేరినయి, మీ భూపాలు చేరిండు. బండ్ల మీద అన్ని దించి, గంజులు పొయ్యిల మీద పెట్టి, "నేను వండుత" అన్నడు. పొయ్యి ఊది ఊది కండ్లు ఎర్రగ చేసుకున్నడు. మొదటి గంజు అడుగంటింది. ఎల్‌ఎల్‌బీ పుస్తకాలల్ల గటక గురించి లేనట్టున్నది.

గోరీ దూరం నుంచి చూస్తున్నది. రెండు వారాలైనా నా గంజి ముట్టలే ఆమె. భూపాలు గిన్నె నింపి తీసుకపోయిండు. "వద్దు, మేం అడగలే" అన్నది. ఈయన ఏమనుకున్నడో ఏమో, మైకుల మాట్లాడినట్టు కాదు, మెల్లగ చెప్పిండు. "ఎవరు అడగలే అక్కా. ఆ పూట మా అమ్మ గూడ పొయ్యి ముట్టియ్యలే. నువ్వు వద్దంటె ఆమె పస్తు ఉత్తగ పోతది."

గోరీ "పిల్లలు గూడ తినలేదా ఆ ఊర్ల?" అని అడిగింది. "తినలే" అన్నడు. ఆమె గిన్నె తీసుకొని ఇంట్లకు పోయింది. ఇంతల మళ్ల వచ్చింది. పొయ్యి కాడికి వచ్చి భూపాలు చేతిల గంటె గుంజుకున్నది. "గిట్ల కలుపుతరా? ఉండలు కట్టిచ్చినవు! జరుగు" అన్నది. ఆ దినం నుంచి పొయ్యి ఆమెదే. ఎవరింటికి ఎంత, ఎవరికి పలుచగ, ఎవరికి చిక్కగ, అన్ని ఆమెకు నోటికే ఉంటయి. భూపాలుకు కట్టెలు కొట్టే పని ఇచ్చింది. నాలుగు దినాలు కిక్కురుమనకుండ కొట్టి పోయిండు.

పైసల కాడ జర లొల్లి అయింది. రాంజీ నాయక్ ముందుగాల ఒకటే మాట అడిగిండు, "ఇది అప్పు కాదు గదా?" కాదని చెప్పిన. ఇంటికి పది రూపాయలు అందరికి సమానంగ అని కొందరు, పడ్డోళ్లకే అని కొందరు. ఆఖరుకు పడ్డోళ్లకే అని తీర్మానమైంది. రామి ఇంటికి ముందుగాల, రెండింతలు. ఆమె మొగడు పైసలు తీసుకున్నడు. పిల్లలను ఒళ్లె కూసోవెట్టుకున్నడు. ఆ పది దినాలల్ల తండాల ఎవ్వరు జ్వరంతోటి కూలికి పోలే. పటేండ్లు మనుషులను పంపిన్రు గూడ. రాంజీ నాయక్ వాకిట్ల నిలవడి "మా ఆడోళ్లు పండుకున్నరు, లేచినంక వస్తరు" అని చెప్పి పంపిండు. ఎన్నడు విన్నమా ఈ మాట!

ఇప్పుడు ఆరు ఇండ్లల్లనే జ్వరం. రామి తర్వాత ఒక్క పాణం పోలే సామేలూ. ఒక్కటి గూడ.

ఇగ అసలు సంగతి. గోరీ తమ్ముడు కాళి భూపాలపల్లి దిక్కు అడవిల ఉంటడు. నిన్న నడుచుకుంట వచ్చిండు. వాళ్ల తండాల, పక్కన కట్టె కొట్టే కూలోళ్ల గుడిసెలల్ల ఇదే జ్వరమట. ఈడ మూడు బస్తాలు మిగిలినయి. పంచుకుందామని కొందరన్నరు. గోరీ బస్తా మీద కూసున్నది. "మనం లేచినం. వాళ్లు లేవొద్దా?" అన్నది.  రాంజీ ఇంకో బస్తా మీదికెళ్లి ఏసిండు, తండా జొన్నలు, జ్వరం రాని ఇండ్లల్ల ఇన్నిన్ని అడిగి కూడేసినయి.

నేను ఈ ఆరు ఇండ్లు ఇడిచి రాలేను. గోరీ, కాళి బస్తాలతోటి ఆదివారం పొద్దుగాల వరంగల్లు స్టేషనుకు వస్తరు. నువ్వు వాళ్లెంబడి పోతవా? ఏం చేయాల్నో వేరే కాయితం మీద రాసి పెడుతున్న. జ్వరమొచ్చినోళ్ల గిన్నెలు వేడినీళ్లల్ల కడుగు. మూతికి బట్ట కట్టుకో. మైకు అవసరం పడదు.

నీ అక్క
సువార్త


భూపాలపల్లి
29 జూలై 1969

అక్కా,

వచ్చి తొమ్మిది దినాలాయె. రాయనీకి ఇయ్యాల చేతులు ఖాళీ అయినయి.

వరంగల్లుల కట్టెలు దించి ఖాళీగ పోతున్న లారీ దొరికింది. డ్రైవరు కిరాయి ముట్టలే, గోరీ చెప్పిన కథ అంత విని "ఎక్కుండ్రి" అన్నడు. బస్తాల మీద కూసొని వానల తడుసుకుంట వచ్చినం. అడవి మొదలైనంక గోరీ పాట ఎత్తుకున్నది, వాళ్ల మాటల. నాకు ఒక్క ముక్క తెల్వకపోయినా నేను గూడ గొంతు కలిపిన. బొంగురు గొంతే!

ఇన్ని దినాలు నేను జ్వరం అన్న మాట కాయితం మీద చదివిన, మైకుల చదివిన. మనిషి ఒంటి మీద చెయ్యి పెట్టి చూడలే. మొదటి గుడిసెలకు వంగి పోయిన అక్కా. నలుగురు పండుకొని ఉన్నరు, పొయ్యిల బూడిద సల్లగ ఉన్నది. ఆ బూడిద చూసినంక నువ్వు తండా ఇడిచి ఎందుకు రాలేదో నాకు ఇంకెవరు చెప్పే పని లేదు.

కాళి వాళ్ల తండా నాలుగు దినాలల్ల సర్దుకున్నది. గోరీ వచ్చిందంటె వాళ్ల ఆడోళ్లందరు లేచి కూసున్నరు, జ్వరం సగం ఆమె తిట్లకే పోయింది. ఎవరన్న చేన్లకు పోతనంటె గంటె పట్టుకొని అడ్డం నిలవడుతది.

ఐదో దినం కట్టె కూలోళ్ల గుడిసెలకు పోయినం. ఇరవై దాక ఉంటయి. వాళ్లు కోస్త జిల్లాలోళ్లు, అక్కా. కంట్రాక్టరు తోలుకొచ్చి, జ్వరాలు రాంగనే ఇడిచిపెట్టి పోయిండు. గడపల ఒక అవ్వ కూసొని ఉన్నది. "ఏ ఊరు నాయనా మీది? ఎవరైనా కాసిని గంజి నీళ్ళు పోస్తారేమోనని చూస్తున్నాం" అన్నది. ఆ మాట చెవుల పడంగనే నా చెయ్యి ఆగింది. నీకు అబద్ధం రాయను. గంటె గంజిల ఉన్నది, చెయ్యి ఆగింది. ఎంతసేపంటె, గోరీ తిరిగి నన్ను చూసేంత సేపు. మళ్ల పోసిన. నిండ పోసిన.

"గవర్నమెంటు వాళ్ళా మీరు?" అన్నది అవ్వ.

"కాదవ్వా. జనగామోళ్లం. గీమెది గుండ్లవాగు."

"రేపు కూడా వస్తారా?"

"వస్తం."

వచ్చుడే కాదు, అప్పటి నుంచి వాళ్ల గుడిసెల నడుమనే పొయ్యి పెట్టినం. ముగ్గురికి దమ్ము ఎక్కువై ఉండె. నువ్వు రాసినట్టు ఎత్తుగ కూసోవెట్టి, గంట గంటకు పోసినం. అందరు బతికిన్రు.

నిన్న అటవీ చౌకీ కాడ రేడియో విన్న. నౌకర్ల సమ్మె ముగిసిందని చెప్పిన్రు. రాష్ట్రం సంగతి ఏం లేదు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. పోయి ఒక మద్దిచెట్టు కింద కూసొని కండ్లు తుడుసుకున్న. మనం అడిగింది అడిగినట్టే ఉన్నది అక్కా, నేను మళ్ల అడుగుత, బతికున్నన్ని దినాలు అడుగుత. గోరీ వచ్చి "ఏడిస్తె ఏడువు గని, కట్టెలు తడుస్తున్నయి, లోపట ఏసి ఏడువు" అన్నది.

ఆ అవ్వకు ఒక మనుమరాలు ఉన్నది, ఆరేడేండ్లు. మేం పోకముందు నుంచి ఎనిమిది దినాలు కండ్లు తెరువలే. ఇయ్యాల పొద్దుగాల నేను గిన్నె కడిగి ఇచ్చి "మళ్ల వస్తం" అన్న. ఆ పిల్ల మంచంల లేచి కూసున్నది. "వస్తం" అన్నది నా తీర్గనే, మూతి వంకర పెట్టి. కిసుక్కున నవ్వింది. అవ్వ "తప్పే!" అని కసిరింది. పట్నంల నా మాటకు ఎవడన్న గిట్ల నవ్వితె గల్ల పట్టేటోన్ని. ఇయ్యాల నేనే మళ్ల మళ్ల "వస్తం, పోతం, తింటం" అని అన్న. పిల్ల నవ్వుడే నవ్వుడు. దగ్గు రాలే అక్కా. గంత నవ్వినా దగ్గు రాలే!

గోరీ కేకేస్తున్నది, గంజు పొంగుతున్నదట. ఉంట.

నీ తమ్ముడు
సామేలు